రెండు పియానోలు, ఒకే పుట్టినరోజు

తండ్రి క్యూబాను విడిచిపోయెను. కొడుకు క్యూబాలోనే నిలిచిపోయెను. ఆఫ్రో-క్యూబన్ జాజ్ దిగ్గజము చూచో వాల్డెస్ కథ, ఆయనతో పాటు ఆయన తండ్రి బెబో కథ.

న్యూయార్కు మహానగరమున 54వ వీథిలోని ఒక రికార్డింగు స్టూడియోలో రెండు పెద్ద పియానోలు, మాటాడుకొనుటకు కూర్చున్న మనుష్యులవలె, ఎదురెదురుగా ఉన్నవి. ఒకదాని ముందు ఎనుబదియేండ్లు దాటిన వృద్ధుడు, సన్నని నిలువెత్తు విగ్రహము; రెండవదాని ముందు అరువదికి చేరువైన ఆయన కుమారుడు, తండ్రినే కొంత వెడల్పు చేసి పోతపోసినట్లుండు భారీ మనిషి. వారు వాయించుచున్నది ఎర్నెస్టో లెకువోనా రచించిన 'లా కొంపార్సా', క్యూబాలో పియానో తెలిసినవారికెల్లరకు చిరపరిచితమైన కృతి. ఉత్సవపు ఊరేగింపు ఒకటి దూరమునుండి సన్నని డోలు చప్పుడుతో మొదలై, వీథి వెంబడి దగ్గరై, మన గుమ్మము ముందు ఒక్కసారి దేదీప్యమానముగా వెలిగి, మలుపు తిరిగి, మెల్లమెల్లగా వినబడకుండ పోవుట దాని ఇతివృత్తము. ఆ డోలు చప్పుడును పట్టి నిలుపునది ఎడమచేయి. కుడిచేయి ఎంత దూరము పోయి వచ్చినను, ఎన్ని కొమ్మలెక్కి దిగినను, ఎడమచేయి మాత్రము ఆ నడకను వదలదు.

ఫెర్నాండో త్రూయెబా అను స్పెయిను దర్శకుడు 2000వ సంవత్సరమున విడుదల చేసిన 'కాయె 54' అను చిత్రములోనిది ఈ దృశ్యము. ఆ పేరునకు యాబది నాలుగవ వీథి అనియే అర్థము. ఈ ఇద్దరును ఒకే ఊరిలో, ఒకే తేదిన పుట్టినవారు. హవానాకు దక్షిణముననున్న క్వివికాన్ అను చిన్న పట్టణములో తండ్రి బెబో 1918 అక్టోబరు 9న, కుమారుడు చూచో 1941 అక్టోబరు 9న జన్మించిరి. ఆ సంగతి తెలిసి చూచువానికి, వారి నడుమ గడచిన ఎడబాటు కూడ తెలిసి చూచువానికి, కొన్ని నిమిషముల ఆ వాదనము ఒక జీవితకాలమంత పొడవుగా తోచును.

అమెరికా దేశమున జాజ్ విద్వాంసులకు లభించు అత్యున్నత గౌరవమైన 'జాజ్ మాస్టర్' బిరుదమును అచటి జాతీయ కళానిధి 2025లో చూచోకు సమర్పించినది మొదలు సంగీత ప్రపంచము ఆయన పేరును మరల నెమరువేసికొనుచున్నది. అప్పటికి ఆయన వయస్సు 83 సంవత్సరములు. వేదికలను ఆయన విడువలేదు, వేదికలును ఆయనను విడువలేదు. ఐనను ఈ కథను బిరుదముతో మొదలుపెట్టుట న్యాయము కాదు. ఇది డోలుతో మొదలగు కథ.

ఒకచోట మూగవోయిన డోలు, మరొకచోట మ్రోగినది

1739లో దక్షిణ కరొలైనాలోని స్టోనో నదీతీరమున బానిసలు తిరుగబడి, డోళ్ళు మ్రోగించుచు, తమవంటివారిని కూడగట్టుకొనుచు నడచిరి. తిరుగుబాటు అణచివేయబడెను. మరుసటి సంవత్సరమే అచటి శాసనసభ బానిసలు డోలు ముట్టరాదని చట్టము చేసెను. డోలునకు నోరున్నదని, ఆ నోరు దూరమునకు వినబడునని యజమానులు గ్రహించిరన్నమాట. వాద్యము చేజారిపోగా ఆఫ్రికా లయ చప్పట్లలోనికి, పాదతాడనములోనికి, ప్రార్థనాగీతములోనికి ఇంకిపోయి, ఒకటిన్నర శతాబ్దము గడచిన పిమ్మట న్యూ ఆర్లియన్సు వీథులలో జాజ్ అను పేరుతో ట్రంపెట్టునుండి, క్లారినెట్టునుండి బయటికి దూకెను.

క్యూబాలో జరిగినది వేరు. అక్కడ బానిసత్వము 1886 వరకు చట్టబద్ధముగా సాగెను. పందొమ్మిదవ శతాబ్దము సగము దాటువరకు పశ్చిమ ఆఫ్రికాలోని యోరుబా జనులు బానిసలుగా ఓడలలో వచ్చి దిగుచునే యుండిరి. జాతివారీగా ఏర్పడిన 'కబిల్దో' అను సంఘములలో వారు తమ దేవతలను క్రైస్తవ పునీతుల ముసుగు వేసి కొలుచుకొనిరి, తమ డోళ్ళను తామే చెక్కుకొనిరి. ఒక దౌష్ట్యము ఆలస్యముగా అంతరించుట వలననే ఒక జ్ఞాపకము చెక్కుచెదరక మిగులుట, చరిత్ర మనుష్యులతో ఆడిన చేదు పరిహాసము.

ఆఫ్రో-క్యూబన్ జాజ్‌ను చాలమంది మిశ్రమ సంగీతమని, రెండింటిని కలిపి గిలకొట్టిన పానీయమని వర్ణింతురు. నాకది సరియైన మాటగా తోపదు. ఒక తల్లి బిడ్డలు తిరునాళ్ళలో తప్పిపోయి, ఒకడు మాటను, మరొకడు లయను దక్కించుకొని, వేరువేరు ఇండ్లలో పెరిగి, ఒకనాడు ఎదురుపడినప్పుడు నడకను చూచి ఒకరినొకరు పోల్చుకొన్నట్టి సంగీతమిది.

▌ బటా: ఒడిలోని మూడు డోళ్ళు
*యోరుబా పూజలలో వాయించు బటా డోళ్ళు మూడు. పెద్దది ఇయా, అనగా తల్లి, నడిమిది ఇతోతెలె, చిన్నది ఒకోంకొలో. నడుము సన్నగిల్లిన ఆ డోళ్ళను, మన మృదంగమువలెనే, ఒడిలో అడ్డముగా పెట్టుకొని రెండు ముఖములను రెండు చేతులతో వాయింతురు. పిల్లడోళ్ళు ఒక నడకను పట్టుకొనియుండగా తల్లిడోలు ప్రశ్న వేయును, మందలించును, దారి మార్చును. యోరుబా స్వరభేదమును బట్టి అర్థము మారు భాష గనుక డోలు ఆ స్వరముల ఎత్తుపల్లములను అనుకరించి పలుకగలదు. గుడి వాద్యమైన బటాను ఫెర్నాండో ఓర్తీజ్ అను పండితుడు 1936లో హవానాలో తొలిసారి బహిరంగ సభకెక్కించెను.*

జబ్బు నటించిన పెద్దమనిషి

ఎదురుపడిన ఆ ఘడియకు పురోహితుడు మారియో బౌజా. హవానాలో శాస్త్రీయ సంగీతము అభ్యసించిన ఈ వాద్యకారుడు 1930లో న్యూయార్కు చేరి, చిక్ వెబ్ బృందమునను, పిమ్మట క్యాబ్ క్యాలోవే బృందమునను ట్రంపెట్టు వాయించెను. డిజ్జీ గిల్లెస్పీ అను ఒక కుఱ్ఱవాని విద్యను యజమాని చెవిని వేయుటకు మార్గము దొరకక, ఒకరాత్రి తనకు జబ్బుచేసినదని చెప్పి, తన కుర్చీలో అతనిని కూర్చుండబెట్టెనట. జాజ్ చరిత్రలో ఇంత శుభప్రదమైన అబద్ధము మరియొకటి లేదు. 1940లో బౌజా తన బావమరిది మచీతోతో కలిసి 'ఆఫ్రో-క్యూబన్స్' అను బృందమును నడపెను. 1943లో వారు వాయించిన 'టాంగా'ను ఈ సంగీతమునకు తొలికృతిగా పలువురు లెక్కింతురు.

తనకొక క్యూబా డోలు వాద్యకారుడు కావలెనని 1947లో గిల్లెస్పీ అడుగగా బౌజా చూపినవాడు చానో పోజో. హవానా బీదల వాడలలో పెరిగిన చానోకు ఆంగ్లము రాదు, స్వరలిపి చదువరాదు. నోటితో కూనిరాగము తీయుచు, ఇది బాసునకు, ఇది ట్రంపెట్లకు అని విడదీసి వినిపింపగా, డిజ్జీయు ఆయన సహచరుడు గిల్ ఫుల్లరును దానిని కాగితముపై పెట్టిరి. అట్లు పుట్టినది 'మంతేకా'. ఆ యేడు సెప్టెంబరులో కార్నెగీ హాలు వేదికపై ఒక అమెరికా జాజ్ బృందము నడుమ కాంగా డోలు పట్టుకొని చానో నిలిచెను. ఏడాది తిరిగి మూడు నెలలు గడువకమునుపే, 1948 డిసెంబరులో, హార్లెంలోని ఒక మద్యశాలలో తుపాకి గుండునకు నేలకొరిగెను. అప్పటికాయనకు 33 ఏండ్లు.

గాజు కమానుల క్రింద

ఆ కాలముననే హవానాలో బెబో వాల్డెస్ ట్రోపికానా అను ప్రసిద్ధ వినోదశాలలో పియానో వాయించుచు, బృందమునకు వాద్యరచన చేయుచుండెను. కాంక్రీటు కమానుల నడుమ గాజు పలకలు బిగించి, చెట్లను కొట్టక వాటి నడుమనే కట్టిన ఆ శాలలో, అమెరికానుండి వచ్చు గాయకులును స్థానిక వాద్యకారులును ప్రతిరాత్రి ఒకరి విద్యనొకరు దొంగిలించుకొనుచుండిరి. నాట్ కింగ్ కోల్ 1956లో అక్కడ పాడెను. బెబో 1952లో 'బటాంగా' అను నూతన నృత్యలయను కల్పించి, అందులో బటా డోళ్ళను పెట్టెను. మాంబో జ్వరము దేశమంతట వ్యాపించియుండుటచే అది నిలువలేదు. కాని గుడి డోలునకు నాట్యశాల ద్వారము తెరచిన చేతులలో బెబో చేయి ఒకటి.

ఆ యింట ఒక కథ చెప్పుకొందురు. బెబో ఒకనాడు పనికి బయలుదేరి, ఏదో మరచి వెనుదిరిగి వచ్చుసరికి లోపల పియానో మ్రోగుచున్నది. ఎవరో విద్వాంసుడు వచ్చెననుకొని గదిలోనికి తొంగిచూడగా, మూడేండ్ల చూచో రెండు చేతులతో తండ్రి పాటను తాను వాయించుకొనుచుండెను. మూడేండ్లు అనుటలో ముద్దు కొంత కలిసియుండవచ్చును. తల్లి పిలార్ పియానో బోధించునది, ఇల్లంతయు ఎల్లవేళల మ్రోగుచుండునది అని తలచుకొన్నచో మాత్రము నమ్మశక్యము కానిది కాదు. పిల్లవాడు తండ్రి వ్రేలు పట్టుకొని ట్రోపికానా సాధనలకు పోవుచుండెను. పదునెనిమిదేండ్లు నిండకమునుపే తండ్రి బృందమైన 'సబోర్ దె కూబా'లో ఆయన పియానో పీటపై కూర్చుండెను.

1960 అక్టోబరులో, క్యూబా విప్లవము గెలిచి రెండేండ్లు నిండకమునుపే, బెబో మెక్సికోకు విమానమెక్కెను. కుటుంబము హవానాలో నిలిచిపోయెను. ఆయన మరల ఏనాడును క్యూబా గడ్డపై అడుగుపెట్టలేదు.

మంచు దేశమున ఒక పియానో

1963లో ఒక బృందముతో ఐరోపా తిరుగుచు స్టాక్‌హోం చేరిన బెబో అక్కడ ఒక స్వీడను యువతిని ప్రేమించి, పెండ్లాడి, అక్కడనే స్థిరపడెను. సూర్యుడు మధ్యాహ్నము మూడు గంటలకే కుంగు శీతకాలపు నగరమది. ఒకనాడు హవానా రాత్రులను తన వాద్యరచనతో నడపినవాడు, మూడు దశాబ్దులు అక్కడి హోటళ్ళలో, భోజనము చేయుచు మాటలలో పడియుండు అతిథులకు నేపథ్యముగా పియానో వాయించెను. చేతిలో విద్యయున్నది, వినుటకు తీరికయున్నవారు లేరు. ఆయన దీనిని దుర్దశగా చెప్పుకొన్న జాడ నాకెక్కడను కానరాలేదు. జీవనోపాధి కల్పించిన పనిగా, కుటుంబమును పోషించిన పనిగా ఆయన దానిని గౌరవించినట్లే తోచును.

ఉప్పుచేప, రొట్టె, కొంత జాజ్

హవానాలో చూచో స్థితి మరొక విధముగా చిక్కైనది. అమెరికాతో వైరము ముదిరిన ఆ దినములలో జాజ్ శత్రుదేశపు సంగీతమని అధికారులు అనుమానముతో చూచుచుండిరి. 1967లో ప్రభుత్వమే ఏర్పరచిన ఆధునిక సంగీత బృందములో చేరినవారిలో చూచోతో పాటు శాక్సఫోను వాద్యకారుడు పకీతో దె రివేరా, ట్రంపెట్టు వాద్యకారుడు ఆర్తూరో సాందోవాల్ మున్నగు యువకులుండిరి. 1973లో వీరందరును కలిసి 'ఇరాకెరే' అను సొంత బృందమును నిలుపుకొనిరి. యోరుబా భాషలో ఆ పేరునకు అడవి అని అర్థము చెప్పుదురు.

అడవిలో దాగుట సులభము. ఎలక్ట్రిక్ గిటారు, ఇత్తడి వాద్యములు, బటా డోళ్ళు, పూసలు అల్లిన సొరకాయ వాద్యము చెకెరే, వీటన్నిటిని ఒకచో చేర్చి, జనము చిందులు వేయు నృత్యగీతములను వారు వాయించిరి. 'బకలావో కొన్ పాన్', అనగా 'ఉప్పుచేపతో రొట్టె', అను పాటకు హవానా అంతయు ఊగిపోయెను. నాట్యమాడువారు ఊపిరి తీసికొను చోట శాక్సఫోను అమెరికా జాజ్ విద్వాంసుడు చార్లీ పార్కర్ బాటపట్టి ఎక్కడికో పోయి, అధికారి ముఖము చిట్లించులోపల మరల డోలు నడుమకు వచ్చి చేరుచుండెను. డోలు మన జాతిది, దానినెవరు కాదనగలరు? ఒకప్పుడు డోలును నిషేధించుట వలన జాజ్ పుట్టగా, ఇప్పుడు జాజ్‌ను దాచుటకు డోలు అడ్డునిలిచెను.

▌ క్లావే: రెండు కర్రల శాసనము
*గట్టి కొయ్యతో చేసిన రెండు పొట్టి కర్రలు క్లావేలు. ఒకదానిని దోసిలివలె వంచిన ఎడమ అరచేతిపై ఆన్చి, రెండవదానితో కొట్టుదురు. హవానా ఓడల కర్మాగారములలో పలకలు బిగించు కొయ్యమేకులే వీటికి మూలమని ప్రతీతి. పదునారు సూక్ష్మమాత్రల ఆవృత్తమును మనము లెక్కించినచో 1, 4, 7, 11, 13 స్థానములందు దెబ్బలు పడును: మొదటి సగమున మూడు, రెండవ సగమున రెండు. మన తాళమును చేతితో వేసి లెక్కింతుము. క్లావేను వాయింతురు, వాయింపకున్నను అందరును లోపల వినుచుందురు. దానికి అడ్డముగా పోయినవానిని తోటివారు వెంటనే పసిగట్టుదురు.*

1977లో ఒక విహారనౌకలో డిజ్జీ గిల్లెస్పీ హవానాకు వచ్చి దిగెను. ఒక యువకుడు తన కారులో ఆయనను ఊరంతయు త్రిప్పి చూపెను. ఆ రాత్రి వేదికపై ఆ యువకుడు ట్రంపెట్టు ఎత్తుట చూచి, నా డ్రైవరు అక్కడ ఏమి చేయుచున్నాడని డిజ్జీ విస్తుపోయెనట. వాడే సాందోవాల్. ఆ మరుసటి యేడే, 1978లో, ఇరాకెరేకు న్యూయార్కునుండి పిలుపు వచ్చెను.

కార్నెగీ హాలు. చానో పోజో డోలు మ్రోగిన వేదిక. యోరుబా పూజావిధానమును ఆధారముగా చేసికొని చూచో కూర్చిన సుదీర్ఘమైన 'మీసా నేగ్రా'ను ఇరాకెరే అక్కడికి తెచ్చెను. ఆ కచేరినుండియు, అదే వేసవిలో స్విట్జర్లండులోని మాంట్రోలో చేసిన కచేరినుండియు తీసిన రికార్డునకు 1980లో గ్రామీ పురస్కారము లభించెను. పురస్కారమును పుస్తకములన్నియు వ్రాసికొనినవి. ఆ ప్రయాణములో జరిగిన మరొక సంగతి అంతకంటె పెద్దది: పదునెనిమిదేండ్ల పిమ్మట బెబో తన కుమారుని చూచెను. విడిపోవునాటికి పందొమ్మిదేండ్ల పిల్లవాడు; కలిసికొనునాటికి ప్రపంచము చెవియొగ్గి వినుచున్న ముప్పదియారేండ్ల బృందనాయకుడు.

చీలికలు అంతటితో ఆగలేదు. 1980లో స్పెయినులో బృందమును విడిచి పకీతో వెళ్ళిపోయెను. ఆయన భార్యాబిడ్డలు హవానాలోనే చాల ఏండ్లు చిక్కుకొనిరి. 1990లో సాందోవాల్ వెళ్ళెను. ప్రతి బృందచిత్రములోను కొందరు మాయమగుచుండ, పియానో దగ్గర మాత్రము చూచో కూర్చుండియే యుండెను.

నేలమాళిగలో ఒక రాత్రి

ఆయన వేదికపై ఏమి చేయునో తెలిసికొనగోరువారు 1999లో న్యూయార్కులోని విలేజ్ వాన్‌గార్డులో జరిగిన కచేరి రికార్డును వినవలెను. 1935లో తెరచిన ఆ శాల మెట్లు దిగి పోవు నేలమాళిగ. గట్టిగా కూర్చున్నను నూట ఇరువది మందికి చోటు. వెంట ఉన్నవి బాసు, డ్రమ్స్, కాంగాలు మాత్రమే.

మొదట ఎడమచేతిని వినుడు. క్యూబా వాద్యకారులు 'తుంబావో' అనునట్టి చిన్న పదబంధము, కుట్టుమిషను పాదమువలె ఆగక తిరుగుచుండును. కాని దెబ్బ సమముపై పడదు, దానికి రవంత ముందే పడి, సమమును ఖాళీగా విడుచును. మెట్టు ఉన్నదనుకొని కాలు మోపినచోట మెట్టు లేకున్న శరీరమెట్లు ముందుకు తూలునో, వినువాడట్లు ముందుకు తూలును. ఆ తూలుడే నాట్యము. ఇక కుడిచేయి: విశాలమైన ఆ అరచేతితో ఒక స్వరగుచ్ఛమును పిడికెడు ఇసుకవలె చల్లి, దాని వెన్వెంటనే ఎవరినో జోకొట్టునట్లు ఒంటి స్వరముతో పలుకును. షోపేన్‌ను తలపించు ఒక మలుపు, ఎల్లింగ్టనును తలపించు మరొకటి, పిమ్మట పియానో మెట్లను డోలు ముఖముగా ఎంచి అరచేతితో చరచుట. అప్పుడప్పుడు ఈ వైభవము మితిమీరినదని చెప్పకతప్పదు. ఇంత శక్తి గలవాడు మౌనమును మరికొంత నమ్మినచో బాగుండునని నాకు చాలమారులు తోచినది. కాని ఆ రాత్రి ఆయన సోదరి మాయ్రా కరిదాద్ వేదికనెక్కి 'ద్రూమె నెగ్రీతా' అను జోలపాట ఎత్తుకొనగా, ఆ పెద్ద చేతులు ఒదిగి ఒదిగి ఆమె గొంతు వెనుక నిలిచిన తీరు వినినవాడు ఈ ఆక్షేపణను మరచిపోవును. ఆ రికార్డునకును గ్రామీ వచ్చెను. ఆయనకు లభించిన పురస్కారములను ఏకరువు పెట్టుటకు పూనుకొన్నచో ఈ పుట చాలదు, పాఠకుని ఓపికయు చాలదు.

మరల తెరచిన పియానో

స్టాక్‌హోంలోని తండ్రిని లోకమునకు మరల చూపినవాడు, కొడుకు బృందమును విడిచిపోయిన ఆ పకీతోయే. 1994లో ఆయన ఫోనుచేసి పిలువగా, 76 ఏండ్ల బెబో కొత్త రచనలతో జర్మనీలోని స్టూడియోకు పోయి 'బెబో రైడ్స్ అగైన్' అను రికార్డును ముగించి వచ్చెను. తరువాత వచ్చినది 'కాయె 54'. పిమ్మట ఫ్లమెంకో గాయకుడు దియేగో ఎల్ సిగాలాతో 2003లో వెలువరించిన 'లాగ్రిమాస్ నేగ్రాస్', అనగా 'నల్లని కన్నీరు', స్పెయిను ఇంటింట వినబడెను. ఎనుబదియైదేండ్లకు దొరికిన కీర్తి. ఆ వయస్సున అది కలిగినవానికి గర్వించు వ్యవధి ఉండదు గనుక అది మనిషిని చెరుపలేదు.

2008లో తండ్రీకొడుకులు కలిసి 'హూంతోస్ పారా సియెంప్రె' వెలువరించిరి. ఎల్లప్పటికి కలిసియే, అని దాని పేరు. చివరి యేండ్లలో బెబో దక్షిణ స్పెయినులోని మాలగా తీరమునకు మారగా, చూచోయు ఆయన దాపునకు వచ్చి నివసించెను. వృద్ధునకు జ్ఞాపకశక్తి క్షీణించుచుండెను. 2013 మార్చి 22న స్టాక్‌హోంలో, తొంబదినాలుగవ యేట, బెబో కన్నుమూసెను.

చూచో పని ఆగలేదు. 2015లో ఫ్రాన్సులోని మార్సియాక్ ఉత్సవములో యువకులతో కలిసి ఇరాకెరే పాటలను మరల మ్రోగించెను. 2021లో మయామిలో, యోరుబా సృష్టిగాథను ఇతివృత్తముగా గొన్న 'లా క్రెయాసియోన్' అను పెద్ద కృతిని తొలిసారి వినిపించెను. 2022లో పకీతోయు ఆయనయు నాలుగు దశాబ్దుల పిమ్మట ఒక రికార్డులో కలిసిరి. నీవు లేని లోటు నాకును తెలిసినదని దాని పేరునకు అర్థము.

బెబో పోయిన సంవత్సరముననే చూచో వెలువరించిన ఒక డిస్కు నా బల్లపై ఉన్నది. పేరు 'బార్డర్-ఫ్రీ', అనగా ఎల్లలు లేనిది. అందులోని కృతులలో ఒకదాని పేరు 'కరిదాద్ అమారో'. అది నాయనమ్మ పేరు. మరొకటి 'పిలార్'. వేరొకటి 'బెబో'. 1960 అక్టోబరు తరువాత ఒక కప్పు క్రింద నిలువజాలని ఆ యింటివారు, అట్టపై చిన్న అక్షరములతో, ఒకే వరుసలో ఉన్నారు.